గ్లూకోజు ఎక్కుతోందిగా అని ఊరుకోకండి!

ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో చేరారంటే డబ్బు సంగతి, మందుల చీటీల సంగతి మగవాళ్ళు చూసుకుంటారు. మంచం పక్కన కూర్చునేది మాత్రం మనమే గదా! ఫ్లాస్కులో కాఫీ, ఒక చెంబు, తువ్వాలు, దుప్పటి సర్దుకుని వెళ్ళి ఆ ఇనప స్టూలు మీద కూలబడతాం. సెలైన్ సీసా తలకిందులుగా వేలాడుతూ బొట్టుబొట్టుగా దిగుతుంటే మనకదొక ధైర్యం. చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా "గ్లూకోజు ఎక్కిస్తున్నారుగా, ఇంకేం ఫర్వాలేదు" అనేసి, నాలుగు బత్తాయిలు బల్ల మీద పెట్టి వెళ్తారు.

నేనూ అలాగే అనుకునేదాన్ని, మా ఆడపడుచు కూతురి సంగతి జరిగేదాకా.

మూడేళ్ళ కిందటి మాట. ఆ పిల్లకి తొలిచూలు, మూడో నెల. వేవిళ్ళు పట్టుకున్నాయి. వేవిళ్ళు ఎవరికి ఉండవు చెప్పండి? "మీ అమ్మ నిన్ను మోసినప్పుడు ఐదో నెలదాకా కక్కుతూనే ఉంది, ఏమయింది?" అని మా అత్తగారు కొట్టిపారేశారు. నిమ్మకాయ వాసన చూపించాం. గోలీసోడా తాగించాం. అల్లం మురబ్బా చప్పరించమన్నాం. ఏది లోపలికి వెళ్ళినా పావుగంటలో బయటికే. అన్నం ఉడుకుతున్న వాసన వస్తే చాలు, చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తేది. ఇలా రోజులు దొర్లిపోయాయి. లేచి నిలబడలేని స్థితి వచ్చాక దగ్గర్లో ఉన్న ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చాం.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగారక్కడ. "నాలుగు రోజులుగా మరీ నీరసపడిపోయింది డాక్టరుగారూ" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. అబద్ధమూ కాదు, మరీ నీరసపడింది నాలుగు రోజుల నుంచే. కానీ సరిగ్గా అన్నం తిని దాదాపు నాలుగు వారాలయిందన్న సంగతి నేను చెప్పలేదు, వాళ్ళూ రెట్టించి అడగలేదు. 'వాంతులు, నాలుగు రోజులు' అని కేసు షీటులో పడింది. గ్లూకోజు సీసాలు మొదలుపెట్టారు.

మొదటి రోజు కాస్త తేరుకున్నట్టే కనిపించింది. రెండో రోజు రాత్రి, "అత్తయ్యా, నువ్వు ఇద్దరుగా కనపడుతున్నావేమిటి?" అంది. నీరసానికి కళ్ళు తిరుగుతున్నాయనుకున్నాం. తెల్లారి బాత్‌రూముకి తీసుకెళ్ళబోతే కాళ్ళు ఎడంగా వేసి తూలుతూ నడిచింది. కళ్ళలోకి చూస్తే నల్లగుడ్లు నిలకడగా లేవు, సన్నగా అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. మధ్యాహ్నానికి మాట తేడా వచ్చింది. ఎప్పుడో కాలం చేసిన వాళ్ళ తాతగారు వచ్చి పక్కన కూర్చున్నారంది! మా ఆడపడుచు గొల్లుమంది. "వదినా, దీనికేదో గాలి సోకింది" అంటూ ఎర్రనీళ్ళు కలుపుకు రమ్మని ఇంటికి కబురు పంపబోయింది.

ఆ సాయంత్రమే పెద్దాసుపత్రికి మార్చాం. అక్కడ డ్యూటీలో ఉన్న లేడీ డాక్టరు మా అమ్మాయి ఈడు ఉంటారేమో. వచ్చీ రాగానే మా చేతిలో కాగితాలు అందుకోలేదు. "ఈ అమ్మాయి కడుపు నిండా అన్నం తిని ఎన్నాళ్ళయింది?" అని అడిగారు. మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. వేళ్ళు మడిచి లెక్క కడితే ఇరవై ఆరు రోజులు తేలింది. ఆవిడ ఇంకో మాట మాట్లాడకుండా నర్సుని పిలిచి బి1 విటమిన్, అదే థయమిన్, నరంలోకి ఇప్పించారు. మిగతావన్నీ ఆ తరవాతే.

మర్నాటికి కళ్ళు నిలబడ్డాయి. మాట సరికావడానికి వారం పట్టింది. నడక కుదుటపడటానికి రెండు నెలలు. కాన్పు క్షేమంగా జరిగింది. కాని ఆ నర్సింగ్ హోమ్‌లో గడిపిన రోజులు ఆ పిల్లకి ఈనాటికీ జ్ఞాపకం లేవు.

ఏం జరిగిందో ఆ డాక్టరమ్మ తరవాత నాకు ఓపిగ్గా చెప్పారు. నాకు అర్థమైనట్టు మీకు చెబుతాను. కట్టెల పొయ్యి తెలిసినవాళ్ళు మీలో ఉండే ఉంటారు. పొయ్యి నిండా కట్టెలు కుక్కితే వంట అవుతుందా? నిప్పు ఉండాలి. మనం తినే అన్నం, పంచదార, ఆ సీసాలో గ్లూకోజు, ఇవన్నీ కట్టెలు. వాటిని మండించి శక్తిగా మార్చే పనిలో బి1 లేనిదే అడుగు పడదు. ఈ విటమిన్ మన ఒంట్లో పెద్దగా నిలవ ఉండదు. మొత్తం కలిపి 25, 30 మిల్లీగ్రాములు. తిండి ఆగిపోతే రెండు మూడు వారాలలో డబ్బా అడుగంటుతుంది. అలాంటి మనిషికి ఒక్కసారిగా గ్లూకోజు ఎక్కిస్తే, మిగిలిన ఆ కాస్త బి1 కూడా దాన్ని మండించడానికే ఖర్చయిపోతుంది. ముందుగా దెబ్బ తగిలేది మెదడుకి. ఒంట్లో అన్నిటికన్నా ఎక్కువగా గ్లూకోజు మీద బతికేది అదే మరి!

దీన్ని వెర్నికే జబ్బంటారు. కార్ల్ వెర్నికే అనే జర్మన్ డాక్టరు 1881లో ముగ్గురు రోగుల గురించి రాశాడు. ఇద్దరు మగవాళ్ళు, బాగా తాగే అలవాటున్నవాళ్ళు. మూడో మనిషి కుట్టుపని చేసుకుని బతికే ఇరవై ఏళ్ళ అమ్మాయి. ఆసిడ్ తాగడం వల్ల కడుపు పాడై, వాంతులు ఆగక, తిండి నిలవక చనిపోయింది. ఇది తాగుబోతుల జబ్బని ఒక పేరు పడిపోయింది గానీ, మొదటి ముగ్గురిలోనే ఒక ఆడపిల్ల ఉందన్న సంగతి చూశారా! సమయానికి గుర్తిస్తే బి1 ఇంజెక్షనుకి అయ్యే ఖర్చు తక్కువే. ఆలస్యమైతే మాత్రం మతిమరుపు జన్మంతా ఉండిపోవచ్చు, ప్రాణమే పోవచ్చు.

ఇక్కడ ఒక్క మాట జాగ్రత్తగా వినండి. గ్లూకోజు వద్దని అడ్డుపడమని నేను చెప్పడం లేదు. షుగరు పడిపోయి స్పృహ తప్పినవాళ్ళకి ఆ నిమిషంలో ప్రాణం నిలబెట్టేది గ్లూకోజే. దాన్ని ఆపకూడదు. చాలా రోజులుగా తిండి లేని మనిషికి బి1 కూడా దానికి ముందో, దానితో పాటో అందాలి, అంతే. ఇస్తున్నారా లేదా అని అడగటం మన పని. ఇవ్వాలో వద్దో తేల్చడం వాళ్ళ పని.

అసలీ బి1 కథ మొదలయిందే ఒక ఆసుపత్రి వంటింట్లో అంటే నమ్ముతారా? ఇప్పుడు మనం జకార్తా అంటున్న ఊరు అప్పట్లో బటేవియా, డచ్చివాళ్ళ పాలనలో ఉండేది. అక్కడ సైనికాసుపత్రిలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డాక్టరు బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం కోళ్ళు పెంచేవాడు. 1890 ప్రాంతంలో ఆ కోళ్ళన్నీ కాళ్ళు పట్టుతప్పి కూలబడటం మొదలుపెట్టాయి. ఉన్నట్టుండి మళ్ళీ వాటంతటవే బాగయ్యాయి. ఆరా తీస్తే తేలిందేమిటయ్యా అంటే, కోళ్ళ బాగోగులు చూసేవాడు ఆసుపత్రి వంటింట్లో రోగులకి వండగా మిగిలిన తెల్లటి పాలిష్ బియ్యపు అన్నం తెచ్చి వేసేవాడు. తరవాత వచ్చిన కొత్త వంటవాడు, సైనికుల అన్నం కోళ్ళకి పెట్టేది లేదని మొండికేశాడు. దాంతో కోళ్ళకి మళ్ళీ పాలిష్ పట్టని ముతక బియ్యం దొరికింది, అవి బతికాయి! తవుడులో ఉన్నదేదో తెల్లబియ్యంలో లేదని అలా బయటపడింది. ఐక్‌మన్‌కి 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వంటవాడి పేరు ఎవరూ తలుచుకోరు.

మనకీ ఈ బెరిబెరికీ చుట్టరికం ఉందండోయ్. ఒకప్పుడు ఉత్తర సర్కారులని పిలిచిన మన కోస్తా జిల్లాలు దీనికి పేరుపడినవి. అరవదేశంలో ఉప్పుడు బియ్యం తినేవారు. వడ్లని ఉడకబెట్టి ఆరబోస్తే పైపొరల్లోని విటమిను గింజలోకి ఇంకి నిలుస్తుంది. మనవాళ్ళకి పచ్చి బియ్యం, అందులోనూ మరలో తెల్లగా ఆడించినది, దాన్ని నాలుగుసార్లు కడిగి, ఆపైన గంజి వార్చి! హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పేరు మీరు వినే ఉంటారు. 1918లో కూనూరులో ఒక్క గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టినప్పుడు అది బెరిబెరి సంగతి చూడటానికి పెట్టిన విభాగమే. 1958లో హైదరాబాద్ వచ్చింది.

సరే, మళ్ళీ మంచం దగ్గరికి వద్దాం. జ్వరమొచ్చి పడుకున్న మనిషికి మనం పెట్టేవేమిటి? సగ్గుబియ్యం జావ, బార్లీ నీళ్ళు, గ్లూకోజు పొడి కలిపిన నీళ్ళు, బ్రెడ్డు ముక్క, కొబ్బరిబోండాం. తేలిగ్గా అరుగుతాయి నిజమే. కాని సగ్గుబియ్యం అంటే ఉత్త పిండిపదార్థం, బి విటమిన్లు దాదాపు సున్న. గ్లూకోజు పొడి సంగతి చెప్పక్కర్లేదు. లంఖణం పరమౌషధం అన్నారు పెద్దవాళ్ళు. ఒకటి రెండు రోజులకి సరే. ఇరవై రోజులు సాగే టైఫాయిడ్‌కో, పేగు ఆపరేషన్‌కో అదే పట్టుకు కూర్చుంటే ఎలా? అసలే నీరసంగా చేరిన మనిషి ఆసుపత్రిలో ఇంకాస్త పస్తు ఉంటాడు. పొద్దున స్కానింగుకి ఖాళీ కడుపు, మధ్యాహ్నం పరీక్ష వాయిదా, సాయంత్రం తినబుద్ధి కాలేదని క్యారియరు అలాగే వెనక్కి. ఎవరూ లెక్క రాయరు. క్యారియరు విప్పి చూసేది మనమే కాబట్టి ఆ లెక్క మన దగ్గరే ఉండాలి.

నోటితో తినవచ్చని డాక్టరు చెప్పాక మీరు పట్టుకెళ్ళదగ్గవి లేకపోలేదు. పెసరకట్టు చెయ్యండి. పిడికెడు చాయపెసరపప్పు ఒక్కసారి కడిగి, మెత్తగా ఉడికించి, ఆ నీళ్ళతోనే మెదిపి, ఉప్పు, చిటికెడు జీలకర్ర పొడి వేసి పలచగా చేస్తే గ్లాసుతో తాగేస్తారు. తొందరగా ఉడుకుతుందని పప్పులో తినేసోడా వెయ్యకండి, సోడా పడితే బి1 నాశనమైపోతుంది. మినప్పప్పు ఉంది కాబట్టి ఇడ్లీ మంచిదే. మజ్జిగ కలిపిన రాగిజావ మరీ మంచిది. తినేవాళ్ళయితే మెత్తగా ఉడికిన గుడ్డు. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి మాత్రం అక్కడి డైటీషియన్‌ని అడిగాకే ఏదైనా పెట్టండి.

ఇంకొక సంగతి. చాలా రోజులు పస్తున్న మనిషి లేచి కూర్చోగానే సంబరపడి నెయ్యన్నం, మిఠాయి ఒక్కసారిగా పెట్టకూడదు. ఒంట్లో లవణాలు తారుమారై గుండె మీదికి రావచ్చు. మన పాతకాలపు పథ్యంలో ఈ తెలివి ఉంది. మొదటిరోజు జావ, మర్నాడు మెత్తటి అన్నంలో బీరకాయ, ఆపైన పప్పు. ఎందుకో చెప్పలేదు గాని చేసి చూపించారు.

వేవిళ్ళవాళ్ళే కాదు, బి విటమిన్లు అడుగంటి ఆసుపత్రికి వచ్చేవాళ్ళు చాలామందే. గుండెజబ్బుకి ఒంట్లో నీరు తీసే మాత్రలు ఏళ్ళ తరబడి వేసుకునేవాళ్ళకి ఆ నీటితోపాటు బి1 కూడా పోతుంటుంది. డయాలసిస్‌వాళ్ళకీ అంతే. లావు తగ్గడానికి కడుపు ఆపరేషన్ చేయించుకుని వాంతులతో వచ్చేవాళ్ళున్నారు. టీబీకి ఐసోనయజిడ్ వాడేవాళ్ళకి బి6 తగ్గి అరికాళ్ళు మండుతాయి. అందుకే దాంతోపాటు ఒక చిన్న మాత్ర ఇస్తారు. ఎందుకులే అని దాన్ని పారెయ్యకండి.

ఇక తాగుడు. రాయడానికి నాకే ఇబ్బందిగా ఉంది కాని, తప్పదు. ఇంటాయన రోజూ తాగుతారన్న మాట ఆసుపత్రిలో చెప్పడానికి మనకి సిగ్గు. "అప్పుడప్పుడూ, పండక్కీ పబ్బానికీ" అంటాం. పక్కన ఆయన తమ్ముడు ఉంటే అదీ అనం. తాగేవాళ్ళు అన్నం సరిగా తినరు, తిన్నదాంట్లోని బి1 పేగులకి పట్టదు. ఆ సంగతి డాక్టరుకి తెలిస్తే ఇంజెక్షను ముందే పడుతుంది. నలుగురిలో చెప్పలేకపోతే డాక్టరుని పక్కకి పిలిచి చెప్పండి. పరువు ఎక్కడికీ పోదు.

బాలింతల మాటా చెప్పాలి. కాశ్మీర్‌లో, పాలు తాగే రెండు మూడు నెలల పసికందులు ఆయాసంతో, ఏడుపు గొంతు పెగలక ఆసుపత్రులకి వస్తే, కారణం తల్లులకి పెట్టే పథ్యమని తేలింది. కాన్పయ్యాక బాగా కడిగిన తెల్లన్నం తప్ప పెద్దగా ఏమీ పెట్టరట. తల్లిలో బి1 లేకపోతే పాలలో ఎక్కడినుంచి వస్తుంది? చాలామంది పిల్లలు బి1 ఇంజెక్షనుతోనే చూస్తుండగా తేరుకున్నారు. పప్పు పెడితే బిడ్డకి కడుపునొప్పి, కూర పెడితే విరేచనాలు అంటూ కారప్పొడీ అన్నంతో నెలలు గడిపించే ఇళ్ళు మన దగ్గరా ఉన్నాయి. మీ ఇంట్లో అలా జరుగుతుంటే అత్తగారితో కాస్త మెల్లగా మాట్లాడండి.

బి12 తీరు వేరు. అది కాలేయంలో ఏళ్ళకి సరిపడా నిలవ ఉంటుంది, అందుకే పోయేదీ మెల్లగానే, తెలియకుండా. మాంసం, గుడ్డు ముట్టనివాళ్ళకి పాలు పెరుగే ఆధారం. ఆ పాలూ రెండు చెంచాలు కాఫీలోకే అయితే ఇక చెప్పేదేముంది! షుగరుకి మెట్‌ఫార్మిన్, గ్యాసుకి ఒమిప్రజోల్ లాంటి మాత్రలు ఏళ్ళ తరబడి వేసుకునేవాళ్ళకి తిన్న బి12 కూడా సరిగా వంటబట్టదు. కాళ్ళు తిమ్మిర్లు, నాలుక ఎర్రగా మంట, చీకట్లో నడిస్తే తూలడం, మతిమరుపు వస్తాయి. ముసలితనం కదా అని వదిలేస్తాం. దీన్ని రక్తపరీక్షలో చూడొచ్చు. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుకి ఈ సంగతులు తప్పకుండా చెప్పండి. బి12 బాగా తక్కువున్నవాళ్ళకి నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువు ఇస్తే నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. అలాగే, రక్తం తక్కువగా ఉందని మనంతట మనం ఫోలిక్ యాసిడ్ ఒక్కటే కొని వాడటం మంచిది కాదు. రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, బి12 లేని నరాలు మాత్రం లోపల్లోపల పాడవుతూనే ఉంటాయి. ఆ ఫోలిక్ యాసిడ్‌ని అమెరికాలో 1945లో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. సొంత అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుజబ్బుతో పోవడం కళ్ళారా చూసిన మనిషాయన.

"ఇంత గొడవెందుకు, రోజూ ఒక బి కాంప్లెక్స్ గోళీ మింగితే పోలా?" అంటారు మీరు. అందరికీ అవసరం లేదు. అవసరమైనవాళ్ళకి, అంటే వాంతులవుతున్న మనిషికి, ఆ గోళీ కడుపులో నిలవదు. వాళ్ళకి నరంలోకి ఇవ్వాల్సిందే. అదీగాక బి6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి మింగితే అదే నరాలని పాడుచేస్తుంది. గోళీ వేసుకున్న రోజు మూత్రం పచ్చగా వచ్చిందని కామెర్లేమోనని కంగారుపడకండి. అది బి2 రంగు.

ఆ ఇరవై ఆరు రోజుల లెక్క నా మనసులోంచి పోలేదు. అందుకే ఇప్పుడు మా ఇంట్లో ఎవరు ఆసుపత్రికి బయల్దేరినా ఒక చీటీ రాసి సంచిలో పెడతాను. ఆఖరిసారి కడుపునిండా తిన్న తేదీ, వాంతులో విరేచనాలో మొదలైన రోజు, ఆరు నెలల్లో ఎంత చిక్కారు, ఏ మాత్రలు ఎన్నేళ్ళుగా వేసుకుంటున్నారు, శాకాహారమా కాదా, తాగుడు ఉందా, ఇదివరకు కడుపు ఆపరేషన్లేమైనా జరిగాయా. అరఠావు కాగితం నిండదు. కళ్ళు రెండుగా కనపడటం, నల్లగుడ్లు కొట్టుకోవడం, తూలడం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా రాత్రి రెండు గంటలైనా సరే నర్సుని లేపమని అడుగున ఎర్రసిరాతో రాసిపెట్టాను. మంచం దగ్గర ఎప్పుడూ నేనే ఉండను గదా!

పోయిన నెల మా అత్తగారికి హెర్నియా ఆపరేషన్ అయింది. చీటీ రాస్తుంటే ఆవిడ మంచం మీద నుంచే, "ఆ గ్యాసు మాత్ర ఎనిమిదేళ్ళ నుంచి వేసుకుంటున్నానని రాశావా? మత్తు డాక్టరుకి చూపించు, మర్చిపోకు" అని రెండుసార్లు గుర్తుచేశారు. రాశాను.